ఈసీ యెగువన రైతు, మూసీ దిగువన నగరము

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదిని మూసీనది పొంగి హైదరాబాదు నగరమున సుమారు 15,000 మంది ప్రాణములను బలిగొన్నది. ఆ వరదను గురించి చెప్పుకొనునపుడు అఫ్జల్‌గంజును, నేటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి బ్రదికిన వారిని మనము తలచుకొందుము. శంషాబాదును తలచువారు మాత్రము అరుదు. ఆ వరదకు మూలమైన వాన యెంతటిదో తెలిపిన సాక్షి శంషాబాదులోని వానమాపకమే. 24 గంటలలో 12.8 అంగుళములు, 48 గంటలలో 18.9 అంగుళములు అచట నమోదయినట్లు, మరుసటి సంవత్సరము నిజాము ప్రభుత్వము పిలువగా వచ్చి విచారణ జరిపిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వ్రాసియున్నారు.

నాడు ఆ వాన పడినది జొన్నచేలపైన, ఆముదపు చెల్కలపైన, పశువుల బీళ్లపైన. నేడు అదే సీమలో 2008వ సంవత్సరము మార్చినుండి అంతర్జాతీయ విమానాశ్రయము సుమారు 5,500 ఎకరముల విస్తీర్ణములో నెలకొని యున్నది. తొండుపల్లి చెంత బెంగుళూరు రహదారియు బాహ్యవలయ రహదారియు గలిసి, వాని యిరుప్రక్కల గిడ్డంగులు, హోటళ్లు, ఇండ్లస్థలముల హద్దురాళ్లు వ్యాపించినవి. ఆనాటి వాన మరల కురియదని ఎవ్వరును హామీ ఇయ్యజాలరు. అది యెట్టి నేలపై పడవలెను అనునది మాత్రము మన చేతిలోని పని. ఈ నిర్ణయము నేడు ప్రభుత్వము ముందరను, అంతకు మించి ఈ సీమ భూస్వాముల ముందరను ఉన్నది.

ముందుగా లెక్క చూతము. ఒక ఎకరముపై ఒక అంగుళము వాన కురిసిన యెడల అది లక్ష లీటర్లకు పైచిలుకు నీరు. ఈ సీమలో సాలీనా కురియు వర్షము ఇంచుమించు 30 అంగుళములు. అనగా ఎకరమొక్కింటికి 30 లక్షల లీటర్ల ధనము ఆకాశమునుండి ఉచితముగ లభించుచున్నది. 1908 నాటి రెండు దినముల వాన ఎకరమునకు 19 లక్షల లీటర్లకు పైబడినది. దున్నిన నేల, గట్టు గల చేను, గడ్డి పట్టిన బీడు ఇందులో కొంత త్రాగి, కొంత నిలిపి, మిగిలినదానిని మెల్లగా విడుచును. సిమెంటును తారును చుక్కైనను త్రాగవు. వేయి ఎకరములు ఆ విధముగ కప్పబడిన, ఒక్క అంగుళపు వానకే 10 కోట్ల లీటర్లు వెనువెంటనే పల్లమునకు పరుగెత్తును. ఇందులో శాస్త్రరహస్య మేమియు లేదు. తన చేనిగట్టు తెగిన రైతునకు ఈ సంగతి ఎవ్వరును నేర్పనక్కరలేదు.

మన పూర్వులు ఈ లెక్క నెరిగియే చెరువులు కట్టిరి. హైదరాబాదునకు ఎగువన మూసీ, ఈసీ నదుల పరీవాహ ప్రదేశము 860 చదరపు మైళ్లు కాగా, అందు 788 చెరువులు గలవని విశ్వేశ్వరయ్యగారు లెక్కించిరి. అనగా దాదాపు మైలు మైలునకు ఒక చెరువు. చెరువునకు కట్ట, కట్టకు తూము, తూము క్రింద ఆయకట్టు, మిగులునీటికి అలుగు, ఆ అలుగునీరు పోయి చేరుటకు దిగువన మరియొక చెరువు. వీనిని కనిపెట్టుటకు నీరటి, మరమ్మతులకై దశబంధపు ఇనాము. ఇది ఒక ఏర్పాటు. ఒక రాజు కట్టించినది కాదు, ఒక తరములో పూర్తియైనదియు కాదు.

అయితే స్వదేశాభిమానముచేత మనము అర్ధసత్యమును చెప్పరాదు. ఆ 788 చెరువులలో 221 చెరువులు 1908 వరదలో తెగిపోయినవి; అందులో 182 ఈసీ పరీవాహములోనివే. ఎగువ చెరువు తెగి దిగువ చెరువుపై బడగా అదియు తెగి, ఆపవలసిన కట్టలే వరదకు బలము చేకూర్చినవి. కాబట్టి చెరువుండుట ఒక్కటే చాలదు. కట్ట గట్టిగా నుండవలెను, అలుగు వెడల్పుగా నుండవలెను, అన్నిటికంటె ముఖ్యముగ చెరువులోనికి వచ్చు నీటి వేగమును చేలలోనే తగ్గించవలెను. చేను చేయవలసిన పనిని చెరువుపై మోపిన చెరువు తెగును. చెరువు చేయవలసిన పనిని నదిపై మోపిన నగరము మునుగును.

విశ్వేశ్వరయ్యగారి సలహా ననుసరించి మూసీపై ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. రెండును వరద నాపుటకు కట్టినవి. పిమ్మట నగరమునకు త్రాగునీరు నిచ్చినవి. హిమాయత్‌సాగరములో దాదాపు 3 టీఎంసీల నీరు పట్టును. కాని ఏ జలాశయమును తన కట్టచేత మాత్రమే బ్రదుకదు. ఎగువ పొలముల పుణ్యముచేత బ్రదుకును. చెల్కనుండి కొట్టుకొనివచ్చిన మన్ను జలాశయమున పూడికగా పేరుకొనును. రైతు పోగొట్టుకొన్న మన్నే నగరము పోగొట్టుకొన్న నీరు. ఈ సీమలో విస్తారముగ నున్న ఎర్రచెల్క నేలలు వాన పడి ఎండకాయగానే పైన అట్టగట్టును. తరువాతి వాన లోనికి దిగక పైపైన జారిపోవును. వాలు వెంబడి దున్నినయెడల నాగటిచాలే కాలువయై మంచి మన్నును మోసికొనిపోవును. వరుసగా కొన్నియేండ్లు ఇట్లు జరిగిన, చేనిలో మిగులునది మొరము.

ఈ జంట జలాశయముల రక్షణకై 1996 మార్చి 8వ తేదిని జీ.ఓ. 111 వెలువడినది. జలాశయముల చుట్టును 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామములలో కాలుష్యకారకములగు పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాసకాలనీలను అది నిషేధించెను. శంషాబాదు మండలములోని పెక్కు గ్రామములు ఈ ఆంక్షలకు లోబడినవి. ఈ మండలమునందలి పెద్దషాపూరులో ఒక ఆముదపు నూనె ఉత్పత్తుల కర్మాగారమునకు మినహాయింపు నిచ్చుటకై జరిగిన ప్రయత్నము సుప్రీముకోర్టు దాక బోయి, 2000 డిసెంబరులో నిరాకరింపబడినది. లక్షలాది జనుల త్రాగునీటికి ముప్పు సంభవింపదని నిరూపించు భారము పరిశ్రమ పెట్టదలచినవారిదే యని న్యాయస్థానము తేల్చినది. భారతదేశపు పర్యావరణ న్యాయచరిత్రలో శంషాబాదు సీమకు ఆ విధముగ ఒక స్థానము లభించినది.

తరువాత గాలి మారినది. కృష్ణ, గోదావరి జలములు గొట్టముల ద్వారా నగరమునకు వచ్చుచుండగా ఈ జలాశయముల యవసరము తీరినదను వాదము బలపడెను. 2022 ఏప్రిల్‌లో జీ.ఓ. 69 ద్వారా ఆంక్షలు సడలింపబడినవి. 2023 మేలో నాటి మంత్రివర్గము 111ను పూర్తిగా తొలగించుటకు నిర్ణయించినది. విచిత్ర మేమనగా, 2025 సెప్టెంబరులో గోదావరి జలములను దూరమునుండి ఎత్తిపోసి ఈ జంట జలాశయములనే నింపు పథకమునకు శంకుస్థాపన జరిగినది. ఇంటి కప్పుపై పడిన వానను మోరీలోనికి వదలి, పొరుగూరి బావినుండి కూలి యిచ్చి నీరు మోయించుకొను గృహస్థుని మనము వివేకి యందుమా? గోదావరి రాకూడదని మా అభిప్రాయము కాదు. తన ఇంటి నీటిని కాపాడుకొనని నగరము ఏ నది నీటితోను తనివి నొందదని మాత్రము చెప్పుచున్నాము.

త్రాగునీటి మాట అటుంచినను, వరద మాట మిగిలియే యున్నది. 2020 అక్టోబరు 13వ తేది రాత్రి శంషాబాదు చెంతనే గగన్‌పహాడ్‌లోని అప్పచెరువు తెగి బెంగుళూరు రహదారిని ముంచెత్తి ప్రాణములను హరించినది. 2024 ఆగస్టులో ఆ చెరువు శిఖములోని ఆక్రమణలను ప్రభుత్వము కూల్చివేసినది. చెరువు తన స్థలము నడుగకపోదు. నాలుగేండ్ల ముందు కాగితముమీద జరుగవలసిన పని నాలుగేండ్ల పిమ్మట యంత్రములతో జరిగినది. నడుమ పోయిన ప్రాణములకు వెల కట్టువారు లేరు.

ఇంతవరకు మేము చెప్పినది విని ఈ సీమ భూస్వామి మమ్ము నొక ప్రశ్న అడుగును, అడుగుట న్యాయము. “రహదారి కావలి ప్రక్కనున్నవాడు ఎకరము కోట్లకు అమ్ముకొనుచున్నాడు. ఈవలి ప్రక్కనున్న నేను జొన్న వేసికొని నగరమునకు నీరు కాపాడవలెనా? నగరము నా కేమిచ్చినది?” ఈ ప్రశ్నకు 1996 నుండి ఏ ప్రభుత్వమును సరియైన సమాధానము చెప్పలేదు. ఆంక్ష విధించిరే కాని, ఆంక్ష మోసినవానికి ప్రతిఫలము ఇయ్యలేదు. అందుచేతనే ఆ ఉత్తరువునకు గ్రామములలో మిత్రులు కరవైరి. పట్టా చేతులు మారెను. కొన్నవారు సేద్యము చేయువారు కారు. చేను బీడయ్యెను, గట్లు తెగెను, మొరము త్రవ్వుకొనిపోయిరి. చట్టము కాగితముపై నిలిచియుండగానే నేల చేయిజారినది. ఒకరి నష్టముపై నిలిచిన ధర్మము చిరకాలము నిలువదు.

ఈ చిక్కును ఇతరదేశము లెట్లు విప్పుకొన్నవో చూచుట మంచిది. అమెరికాలోని ప్రెయిరీ మైదానములు ఒకప్పుడు గడ్డిసముద్రములు. మొదటి ప్రపంచయుద్ధకాలమున గోధుమ ధర పెరుగగా అచటి రైతులు ఆ గడ్డిని ట్రాక్టర్లతో దున్నివేసిరి. 1930 దశాబ్దములో వానలు ముఖము చాటువేయగా, కట్టుకొమ్మలేని ఆ నేల గాలిలోనికి లేచినది. 1935 ఏప్రిల్ 14వ తేదిని లేచిన ధూళితుపానునకు పట్టపగలే చీకటి క్రమ్మెను. వేలకొలది కుటుంబములు ఇల్లు వాకిళ్లు విడిచి వలసపోయినవి. ఆ నెలలోనే హ్యూ బెన్నెట్ అను నేలల శాస్త్రవేత్త నాయకత్వమున భూసంరక్షణశాఖ ఏర్పడెను. కెనడా దేశమును అదే సంవత్సరము తన ప్రెయిరీ రైతుల పునరుద్ధరణకై ప్రత్యేకసంస్థను నెలకొల్పి, పొలములలో నీటిగుంటలు త్రవ్వించెను.

వారు చేసిన పనులు మనకు క్రొత్తవి కావు. వాలుకు అడ్డముగ ఒకే మట్టమున దున్నుట, గట్లు వేయుట, పంటను గడ్డిని పట్టీలుగ మార్చి వేయుట, కోత పిమ్మట కొయ్యకాలును దున్నివేయక నేలపై కప్పుగ ఉంచుట, గాలి కడ్డముగ చెట్లు నాటుట, పశువుల మేతబీళ్లను వంతులవారీగ మేపుట, కుంటలు త్రవ్వుట. మనము నేర్వదగినది పనులకంటె ఆ పనులను జరిపించిన పద్ధతి. 1937 నుండి అచటి భూస్వాములు తమ తమ ప్రాంతములలో భూసంరక్షణ మండలములుగ నేర్పడి, తామే పాలకవర్గమును ఎన్నుకొనుచు వచ్చిరి; ప్రభుత్వము శాస్త్రజ్ఞులను పంపినది, ఆజ్ఞాపించుటకు కాదు, సలహా చెప్పుటకు. 1950 తరువాత మరల తీవ్రమైన కరవు రాగా, 1956లో మహామైదానముల సంరక్షణ పథకమను పేర ఒక క్రొత్త ఏర్పాటు జరిగినది. రైతు లేక పశుపోషకుడు తన మొత్తము క్షేత్రమునకు ఒక ప్రణాళిక వ్రాసికొనవలెను. ప్రభుత్వము అతనితో పదేండ్లవరకు ఒడంబడిక చేసికొని, ఖర్చులో కొంతభాగము భరించును. అది దయాధర్మము కాదు, ఆంక్షయు కాదు. ఇరుపక్షములకు బాధ్యత గల వ్యవహారము.

అంతకు రెండేండ్లు ముందుగ, 1954లో, చిన్న పరీవాహప్రదేశముల చట్టము వచ్చినది. దిగువ పట్టణములను వరదనుండి కాపాడవలెనన్న ఎగువ వాగులపై చిన్న కట్టలు కట్టవలెను, వాని పైనున్న చేలలో మన్ను కదలకుండ చేయవలెను అనునది దాని సారము. ఒక్క ఓక్లహామా రాష్ట్రములోనే ఇట్టి కట్టలు 2,100కు పైగా వెలసినవి. ఈ సంఖ్యను చదివినపుడు మనకు 788 చెరువులు జ్ఞప్తికి రాకమానవు. ఇరువదవ శతాబ్దపు నడుమ వారు కనుగొన్న మార్గమున మన పల్లెలు శతాబ్దములకు ముందే నడిచినవి. వారు కట్టుకొనుచుండగా మనము పూడ్చుకొనుచుంటిమి.

శాస్త్రజ్ఞానమునకును మనకు కొదువ లేదు. 1930 దశాబ్దముననే రాయచూరు, హగరి, షోలాపురము మొదలగుచోట్ల మెట్టసేద్యపు పరిశోధనలు జరిగినవి. నేడు హైదరాబాదు నగరమునందే కేంద్ర మెట్టవ్యవసాయ పరిశోధనసంస్థ 1985 నుండి పనిచేయుచున్నది. పటాన్‌చెరువులో ఇక్రిశాట్ సంస్థ 1972లో స్థాపితమైనది. ఇక్రిశాట్ వారు నల్లరేగడి నేలలలో 1976 నుండి మూడు దశాబ్దములకు పైగా జరిపిన పరీక్షలో, వెడల్పైన బోదెలు వేసి, జొన్నలో కందిని అంతరపంటగ పెట్టి, సారము సమకూర్చిన చేలు హెక్టారునకు సగటున సుమారు 5 టన్నుల గింజ నిచ్చినవి. పాతపద్ధతిని సాగైన చేలు సుమారు 1 టన్ను నిచ్చినవి. కొట్టుకొనిపోవు మన్నును పాతపద్ధతిలో 6 టన్నులకు పైబడియుండగా, క్రొత్తపద్ధతిలో ఒకటిన్నర టన్నునకు తగ్గినది. ఎర్రచెల్కలకు ఈ అంకెలు యథాతథముగ వర్తింపవు. కాని సూత్రము వర్తించును. మన రంగారెడ్డి జిల్లాలోనే శంకరపల్లి మండలము కొత్తపల్లిలో 1999 నుండి రైతులే పూనుకొని కట్టలు, ఇంకుడుగుంటలు, గట్లపై చెట్లు వేసి, బావులలో నీటిమట్టమును పెంచుకొనిరి. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ క్రింద చెరువుల పూడికమట్టిని రైతులు తమ బండ్లతో చేలకు తోలుకొనిరి. చేనినుండి పోయిన మన్ను చేనికి తిరిగివచ్చుటకంటె చక్కని న్యాయ మేమున్నది?

ఇక కర్తవ్యము. మొదట, ఈసీ, మూసీ పరీవాహములోని పట్టాదారులు గ్రామమునకొక భూజలసంరక్షణ సంఘముగ నేర్పడవలెను. వాగును, చెరువును, అలుగును, శిఖమును సర్వే పటములో గుర్తించి అందరికి తెలియునట్లు పంచాయతి గోడపై నుంచవలెను. దాచిన పటము ఆక్రమణదారునకు ఆస్తి. బయటపెట్టిన పటము గ్రామమునకు ఆస్తి.

రెండవది, ప్రభుత్వము వీరితో పదేండ్ల ఒడంబడికలు చేసికొనవలెను. భూమిని సేద్యమునకో, తోటకో, పశువుల మేతకో నిలిపియుంచి, గట్లు కుంటలు కాపాడు ప్రతి ఎకరమునకు ఏటేట సంరక్షణభృతి చెల్లించవలెను. ఇది అసాధ్యమని ఎవ్వరును అనజాలరు. 2018లో రైతుబంధు పేరిట పంటకు ఎకరమునకు 4,000 రూపాయల చొప్పున లక్షలాది పట్టాదారులకు నేరుగా సొమ్ము చేర్చిన రాష్ట్రము మనది. మార్గమున్నది, పని చేసినవానికి పని ననుసరించి ఇచ్చు నియమము చేర్చవలసియున్నది. ఈ సొమ్ములో కొంత నీటిపన్నుతోబాటు నగరము భరించుట న్యాయము. రోడ్ల విస్తరణలో స్థలము కోల్పోయినవారికి నగరములో బదిలీ హక్కు పత్రము లిచ్చుచున్నాము; పొలమును పొలముగ నిలిపిన రైతునకు అట్టి హక్కు ఏల ఈయరాదు? పాలుకిచ్చిన చేలలో భృతి పట్టాదారునకే పోక, గట్టు వేసిన కౌలుదారునకు భాగము ముట్టునట్లు చూడవలెను.

మూడవది, విమానాశ్రయము, గిడ్డంగులు, కాలనీలు, ఎవరు నేలను కప్పిరో వారు తమ కప్పుపై పడిన నీటికి బాధ్యులు కావలెను. ఎన్ని ఎకరములు కప్పిరో అన్ని ఎకరముల నీటిని తమ హద్దులోపలనే నిలుపుటకో ఇంకించుటకో కుంటలు నిర్మించనిదే, క్రొత్త కట్టడమునకు అనుమతి ఈయరాదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టము మనకున్నది. చట్టములు కొరవడి చెడిన పని మన దేశములో తక్కువ; అమలు కొరవడి చెడినదే యెక్కువ.

నాల్గవది, జంట జలాశయముల పరీవాహమును గురించి ప్రభుత్వములు మారినప్పుడెల్ల మాట మారరాదు. అనిశ్చితియే నేలకు మొదటి శత్రువు. రేపు ఆంక్ష పోవునని ఆశించువాడు నేడు గట్టు వేయడు, చెట్టు నాటడు. కావున సడలింపు సంగతి శాసనసభలో బహిరంగముగ చర్చించి, ఏ సర్వే నెంబరు నీటిదారి, ఏది కాదు అని తేల్చి, స్థిరమైన శాసనము చేయవలెను.

ప్రభుత్వము కదలునంతవరకు చేతులు ముడుచుకొని యుండుమని మేము చెప్పము. మృగశిర కార్తె ప్రవేశింపకముందే తెగిన గట్టు కట్టుకొనుటకు ఏ జీ.ఓ.యు అడ్డుపడదు. వాలు కడ్డముగ దున్నుటకు అనుమతిపత్రము అక్కరలేదు. చేని పల్లపుమూలలో ఒక కుంట త్రవ్వుకొన్నవాని బావి, త్రవ్వనివాని బావికంటె వేసవిలో ఆలస్యముగ ఎండును. ఇది తొండుపల్లి రైతుకు మేము చెప్పవలసిన సంగతి కాదు, అతడే నగరమునకు నేర్పవలసిన సంగతి.

నగరవాసులకు ఒక్క మాట. విమానము దిగి శంషాబాదునుండి నగరమునకు వచ్చుదారిలో కనబడు బీడుభూమిని చూచి, ఇంత నేల వృథాగ నున్నదే యని నిట్టూర్చువారు మనలో పెక్కురు. అది వృథాగ లేదు. వాన వచ్చిన రాత్రి అది మన యిండ్లకు కావలి కాయుచున్నది. జీతము లేని కావలివాడు ఎన్నాళ్లు నిలుచును? అతనికి జీతమిచ్చి నిలుపుకొందమా, లేక అతనిని పంపివేసి 18.9 అంగుళముల వానకై ఎదురుచూతమా? ఈ రెండే మార్గములు, మూడవది లేదు.